బాతెల్ పార్కింగ్ లాట్‌లో మంచు పలక

బాతెల్ ఊళ్ళో మా ఆఫీసు రెండో అంతస్తులో కిటికీలు లేని గది ఒకటుంది. ఉత్తర ధ్రువ సముద్రంలో ఓడ మునిగితే ఏ దేశం హెలికాప్టర్ వెళ్ళాలో చూపించే మ్యాప్‌ను ఆ గది గోడ మీద వేస్తారు. ఆ మ్యాప్‌ను నడిపే ప్రోగ్రామ్‌లో ముప్పాతిక వంతు నేను రాసిందే. ఆ గదిలోకి మాత్రం నన్ను రానివ్వరు. నేను హెచ్-వన్ వీసా మీద ఉన్నవాణ్ని. అది రక్షణ వ్యవహారం. ఇక్కడి పౌరులకూ, మిత్రదేశాల అధికారులకూ మాత్రమే ప్రవేశం. పదకొండేళ్ళుగా ఇక్కడే ఉంటున్న నాకు తెరవని తలుపు, నిన్న విమానం దిగినవాళ్ళకు తెరుస్తారు.

పోయిన శీతాకాలం ఐదు దేశాల అధికారులు వచ్చి అక్కడ ఉమ్మడిగా ఉత్తుత్తి రక్షణ డ్రిల్ పెట్టుకున్నారు. నా మ్యాప్ మొదటిసారి అందరి ముందూ పనిచేసే రోజు. ఒక మూల నిలబడి చూసి వెళ్ళిపోతానని మేనేజర్‌ని అడిగాను. ఆవిడ డ్రిల్ కాగితాలు తిరగేసి, అనుమతి అక్కర్లేని పాత్ర ఒక్కటే ఉందంది. మంచు పలక మీద చిక్కుకుపోయిన టూరిస్టు.

అలా నేను నారింజ రంగు రబ్బరు సూటు తొడుక్కుని, నేనెక్కడున్నానో మ్యాప్‌కు చెప్పే చిన్న పెట్టె జేబులో వేసుకుని, పార్కింగ్ లాట్ వెనక గడ్డి మీద వానలో కూర్చున్నాను. ఆ రోజు మ్యాప్‌లో ఆ గడ్డే ధ్రువ సముద్రంలోని మంచు పలక. గంటలోపు ఏదో ఒక దేశంవాళ్ళు స్ట్రెచర్‌తో దిగి వచ్చి నన్ను మోసుకుపోవాలి. రక్షించారని నేను సంతకం పెడితే డ్రిల్ ముగిసినట్టు.

గంటన్నర అయింది. ఎవరూ రాలేదు.

ఇంతలో మా టీమ్‌లోని వరంగల్ అతను కాఫీ తాగుతూ బయటికొచ్చాడు. నాకంటే నాలుగేళ్ళు వెనక చేరి, ఇక్కడి అమ్మాయిని పెళ్ళాడి నాకంటే ముందు పౌరుడై, ఆ గదిలో కూర్చున్నవాడు. ఆ పెళ్ళికి నన్ను పిలవలేదు, అది వేరే సంగతి.

"అన్నా, ఇంకా గిక్కడనే ఉన్నవా?"

"నన్నెవరూ రక్షించలేదు కదా."

"అరే, లోపల నిన్ను రెస్క్యూ చేసినట్టే మార్క్ చేసిన్రు! నువ్వు కరెక్ట్‌గా రెండు దేశాల లైన్ మీద పడ్డవ్. ఒక దేశం ఆఫీసరేమో మీరు తీస్కోండి అంటడు, ఇంకో దేశమాయనేమో లేదు లేదు మీరే అంటడు. లాస్ట్‌కి ఎవరికి వాళ్ళు అవతలోళ్ళే తీస్కున్నరని అనుకున్నరు. ఇప్పుడు లంచ్ చేస్తున్నరు."

"లంచా?"

"బిర్యానీ అన్నా. నీకో ప్లేట్ తేవాల్నా?"

"మంచు పలక మీద బిర్యానీ ఎక్కడిది? నువ్వు వెళ్ళు."

"సూట్ ఇప్పేసి రా అన్నా, తడుస్తున్నవ్."

"స్ట్రెచర్ రానీ."

నాలుగు నెలల కిందటే నేను ఈ-మెయిల్ పెట్టాను. రెండు దేశాల మధ్య గీత మీద పడినవాడు ఎవరివాడో ప్రోగ్రామే తేల్చాలి, దగ్గరున్న హెలికాప్టర్‌కే అప్పగించాలి అని. "దేశాలు మర్యాదగా మాట్లాడుకుని తేల్చుకుంటాయి" అని జవాబు. ఇద్దరు పెద్దమనుషులు గుమ్మం దగ్గర "మీరు ముందు, మీరు ముందు" అనుకుంటూ నిలబడితే, వెనకున్నవాడు వానలోనే ఉంటాడు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

మేనేజర్ గొడుగేసుకుని వచ్చింది. సంతకం పెట్టేస్తే అందరూ విమానాలు అందుకుంటారంది. ఇంకా ఎవరూ రక్షించని మనిషి సంతకం ఎలా పెడతాడన్నాను. ఆవిడ గొడుగు నా పక్కన వదిలి వెళ్ళిపోయింది. దాన్ని నేను ముట్టుకోలేదు.

పావుగంటకు ఆ ఇద్దరు అధికారులూ, ఒక పొడుగాయనా, ఒక ఎర్రగడ్డమాయనా, స్ట్రెచర్ పట్టుకుని వచ్చారు. తలవైపు ఎవరు పట్టాలన్నదాని మీద మళ్ళీ కాసేపు మర్యాదలు నడిచాయి. చివరికి ఎత్తి, లిఫ్ట్‌లో స్ట్రెచర్ పట్టక మెట్ల మీదుగా రొప్పుతూ మోశారు. గది తలుపు దగ్గర సెక్యూరిటీ గార్డు ఆపాడు. నాకు బ్యాడ్జి లేదట.

"ఇతను బాధితుడు!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. ఆ రెండు దేశాలకూ ఆ రోజు మాట కలిసింది అప్పుడే.

గార్డు లోపలికి వెళ్ళి, ప్రొజెక్టర్ ఆపించి, అప్పుడు తలుపు తీశాడు.

అందుకని నేను చూసింది తెల్లగోడ. ఐదు దేశాలవాళ్ళూ లేచి చప్పట్లు కొట్టారు. సంతకానికి కాగితం ఇచ్చారు. గీత సంగతి తేల్చితేనే పెడతానని స్ట్రెచర్ మీద పడుకునే చెప్పాను. విమానాల టైమ్ అవుతోంది. దగ్గరున్నవాళ్ళదే బాధ్యతని అందరూ చేతులెత్తి ఒప్పుకున్నారు. పెట్టాను.

వారం తర్వాత, డ్రిల్‌లో జరిగిందంతా రాసిన మినిట్స్ వచ్చాయి. కొత్త నియమం పక్కన "బాధితుడి సూచన" అని ఉంది. ఆ బాధితుడే ప్రోగ్రామ్ రాసినవాడు, సరిదిద్దండి అని రాశాను. ప్రోగ్రామ్ రాసినవాడు ఆ గదిలోకి వచ్చాడని కాగితం మీద పడితే విచారణ జరపాల్సి వస్తుంది, బాధితుడు వస్తే ఫర్వాలేదు అని మేనేజర్ జవాబిచ్చింది.

అది ఏ రూల్, ఎన్నో పేజీ అని అడిగాను. ఇంకా చెప్పలేదు. ప్రతి సోమవారం అడుగుతూనే ఉన్నాను.