ఎడమ సీటు పని

తిరుపతి కొర్లగుంటలో జ్ఞానాంబ ఇల్లెక్కడని అడిగితే ఒక పట్టాన ఎవరూ చెప్పలేరు. ఆమె మొగుడు అంబాసిడరు ఆదిమూలం ఇల్లంటే పాలవాడు కూడా వెంటబెట్టుకుని తీసుకుపోతాడు. ఆదిమూలం బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్కు. బోరుకు పనికొచ్చే ప్రతి వస్తువూ కారుకు కూడా పనికొస్తుందని గట్టిగా నమ్మిన మనిషి. 1990లో ఆయన పాతికేళ్ళ పాత అంబాసిడరును కొన్నాడు. ఆనాటి నుంచి దాన్ని ఒక్క షెడ్డు గడప తొక్కనివ్వలేదు. ఇంటి ముందు రేకుల పంచలో విప్పడమూ తనే, బిగించడమూ తనే. వెనక తలుపు నిలవకపోతే వంటింటి గొళ్ళెం కొట్టాడు. హారనుకు కాలింగ్ బెల్లు స్విచ్చి పెట్టాడు. సీటు కుంగిపోతే కొబ్బరిపీచు కుక్కి, పైన జంపఖానా కుట్టాడు. వీధిలో అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వినవాళ్ళే ఇంట్లో నొప్పులొస్తే ముందు ఆయన తలుపే తట్టేవాళ్ళు. ఆయన ఎవరినీ పొమ్మనలేదు.

ఈ బండిలో జ్ఞానాంబకు కూడా ఒక పని ఉండేది. ఇంజను కాగిపోతోందని ఆదిమూలం ముందు అద్దం కింద, ఎడమ మూలన, ఒక నూనె డబ్బా బిగించి నిండా నీళ్ళు పోశాడు. ఆసుపత్రుల్లో గ్లూకోజు ఎక్కించే సన్నటి పైపు తెచ్చి డబ్బాలోంచి రేడియేటరు మీదికి లాగాడు. పైపుకు చిన్న చక్రం ఉంటుంది కదా, దాన్ని తిప్పితే బొట్లు పడతాయి, మళ్ళీ తిప్పితే ఆగుతాయి. ఆ చక్రం జ్ఞానాంబ చేతికిచ్చాడు.

"వేడి సూపే ముల్లు సచ్చిపోయిందే. సప్పుడు విని నువ్వే తిప్పల్ల. నీ చెవులే మీటరు" అన్నాడు.

ఎత్తు వస్తే తెరవాలి, పల్లం వస్తే మూయాలి, ఎర్రదీపం దగ్గర సగానికి తగ్గించాలి. నెల తిరిగేసరికి ఆమెకు ఇంజను గొంతులో చిన్న మార్పు కూడా తెలిసిపోయేది. బయలుదేరేముందు డబ్బా నింపనిదే కారెక్కేది కాదు. కుళాయి దగ్గర ఆడవాళ్ళతో "నేను లేకపోతే ఆ బండి రేణిగుంట దాటదు" అని చెప్పుకునేది. అందులో గొప్ప కొంచెం ఎక్కువే ఉన్నా, దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు.

అంతకుముందు రెండేళ్ళు ఆమె వీధి మలుపు కూడా దాటలేదు. 1988లో తమ్ముడు చిన్నబ్బ మదనపల్లెకు పోతుంటే భాకరాపేట ఘాటులో బస్సు లోయలో పడింది. చిన్నబ్బ దక్కలేదు. అప్పటినుంచి బస్సు హారను వినబడినా జ్ఞానాంబకు చేతులు చల్లబడేవి. పెళ్ళిళ్ళు మానేసింది, పుట్టింటికి పోవడం మానేసింది. ఆదిమూలం బతిమాలాడు, కసిరాడు, చివరికి నోరు మూసుకుని కారు కొన్నాడు.

మొదటి రోజు ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. చక్రం చేతికొచ్చాక కళ్ళు మూసుకునే తీరిక లేకపోయింది. అలా శ్రీకాళహస్తి పోయింది, కాణిపాకం పోయింది, ఒకసారి తడ దాకా కూడా పోయివచ్చింది. ఘాటు దారి మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

పన్నెండేళ్ళు ఇలాగే గడిచాయి. 2002 ఎండాకాలంలో ఆదిమూలం బోరు పనిమీద రేణిగుంట పోయిన రోజు, పక్కవీధి మెకానిక్కు వరదయ్య బ్యాటరీ అరువుకని వచ్చి బానెట్టు ఎత్తాడు. జ్ఞానాంబ ముచ్చటపడి తన డబ్బా, పైపు, చక్రం అన్నీ చూపించింది. వరదయ్య పైపు వెంట చెయ్యి పోనిచ్చి వంగి చూశాడు.

"అక్కా, ఇది రేడియేటరు మీదికి పోలేదే. కిందికి మలిపి కట్టేసుండాడు. నీళ్ళన్నీ రోడ్డు మీదికే."

"నిన్నా మొన్నా ఊడిందేమో సూడప్పా."

"ఊడేదేంది, తీగేసి కట్టినాడు. ఆ తీగ తుప్పు పట్టి ఎన్నేండ్లయిందో. ఈ రేడియేటరు సూడు, ఆయిలింజనుది. కోసి, అతికిచ్చి బిగించినాడు అన్న. దీనికింక నీళ్ళు యాల? ఏడుకొండలెక్కినా కాగదు."

వరదయ్య పాపం ఆయన పనితనాన్ని మెచ్చుకుంటున్నాడు. జ్ఞానాంబకు ఆ మెప్పు చెవికెక్కలేదు.

సాయంత్రం ఆదిమూలం కాళ్ళు కడుక్కుంటుండగానే అడిగింది. "ఆ పైపు మలిపి ఎన్నేండ్లయింది?"

ఆయన చెంబు కింద పెట్టాడు. "మొదటి ఎండాకాలం ఒక్కటే నిజం. ఆ సలికాలానికే రేడియేటరు మార్సేసినా."

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే నువ్వు మళ్ళా ఇంట్లోనే కూసుంటావని."

ఆమెకు కోపం కంటే సిగ్గు ఎక్కువైంది. ఏడ్చే బిడ్డ చేతిలో గిలక్కాయ పెట్టినట్టు పెట్టి పన్నెండేళ్ళు తిప్పాడు. కుళాయి దగ్గర చెప్పుకున్న గొప్పలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది. అంతకంటే పెద్ద దిగులు ఇంకొకటి పట్టుకుంది. ఇన్నాళ్ళూ భయం పోయిందనుకుంది. పోయిందా, లేక చేతిలో పని ఉంది కాబట్టి కనబడకుండా కూర్చుందా? పని లేకుండా ఒక్కసారి కూర్చుని చూస్తే తప్ప అది తేలదు. నాలుగు రోజులు మొగుడికి అన్నం పెట్టిందే గాని మాట్లాడలేదు.

అయిదో రోజు మదనపల్లె నుంచి ఫోనొచ్చింది. చిన్నబ్బ కూతురు ధరణి. తండ్రి పోయేనాటికి ఆరేళ్ళ పిల్ల, ఇప్పుడు తనే ఒక బిడ్డకు తల్లి.

"అత్తా, మగబిడ్డ. మేనత్తవు, నువ్వొచ్చి పేరు పెట్టల్ల."

జ్ఞానాంబ ఫోను పెట్టేసి, కత్తెర తీసుకుని పంచలోకి పోయింది. పైపు కత్తిరించి, డబ్బా ఊడబీకి దొడ్లో పారేసింది. తెల్లవారి చీర మార్చుకుని వచ్చి ఎడమ సీటులో కూర్చుంది.

"దూరమైనా చిత్తూరు మీద సుట్టు తిరిగి పోదాంలే" అన్నాడు ఆదిమూలం.

"ఘాటు మీదే పోదాం."

మొదటి మలుపులో ఆమె వేళ్ళు చల్లబడ్డాయి. ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. రెండో మలుపులో చెయ్యి, లేని చక్రం కోసం తడిమింది. భయం ఉంది, ఎక్కడికీ పోలేదు. అయినా ఆమె కళ్ళు మూయలేదు. మూడో మలుపు, నాలుగో మలుపు కూడా కళ్ళారా చూసింది. ఇంతేనా అనిపించి ఊపిరి పీల్చుకునేలోపల బండి నెమ్మదించి, పిట్టగోడ పక్కన ఆగిపోయింది.

తిరిగి చూస్తే ఆదిమూలం చొక్కా తడిసిపోయి ఉంది. స్టీరింగును రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు.

"ఏమయ్యా, ఏమైంది?"

ఆయన రోడ్డు వైపే చూస్తూ చెప్పాడు. "ఆ పొద్దు బస్టాండులో వాడికి సీటు దొరకలా. ఇంకో బస్సుకు పోతాలే బావా అన్నాడు. నేనే కిటికీలో నుంచి తువ్వాలేసి సీటు పట్టినా. ముందర సీటు, గాలి బాగా తగల్తాది, కూసోరా అని నేనే ఎక్కిచ్చినా."

జ్ఞానాంబకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. పద్నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉంటూ ఈ ఒక్క మాట దాచాడు. తలుపు తోసుకుని దిగి, పిట్టగోడ దగ్గర నిలబడి కిందికి చూసింది. చెట్లు, రాళ్ళు తప్ప ఏమీ లేవు. చిన్నబ్బను తలుచుకుని ఏడ్చింది. ఏడుస్తుండగానే వెనక ఆ మనిషి ఒంటరిగా కూర్చున్నాడని తోచింది. తన భయాన్ని మరిపించడానికి ఆయన ఎన్ని అవస్థలు పడ్డాడో. ఆయన భయాన్ని మరిపించడానికి ఎవరూ ఏమీ చేయలేదు, ఆ భయం ఉందని కూడా ఎవరికీ తెలియదు.

ముఖం తుడుచుకుని వచ్చి తలుపు వేసుకుంది.

"సీటు పట్టిస్తివి, అంతే గదా. బస్సు తోలింది నువ్వు కాదు. బండి తియ్యి. మలుపు యాడ తిప్పల్లనో నేను సెప్తా, నువ్వు రోడ్డు సూడు సాలు."

ఆయన బండి తీశాడు. "ఎడమకు... ఇంగా... ఆ, సాలు" అంటూ ఘాటు దాటేదాకా ఆమె ఒక్క మలుపునూ మాట లేకుండా పోనివ్వలేదు.

ధరణి ఇంట్లో చాప మీద కూర్చుని, బిడ్డ చెవిలో మూడుసార్లు చిన్నబ్బ పేరు చెప్పింది జ్ఞానాంబ. చుట్టూ ఆడవాళ్ళంతా బిడ్డకోసం చేతులు చాపారు. ఆమె బిడ్డనెత్తుకుని లేచి వాకిట్లోకి పోయి, గోడ పక్కన తల వంచుకుని నిలబడిన ఆదిమూలం ముందు ఆగింది. ఆయన వద్దు వద్దంటూ వెనక్కి జరిగాడు.

"పట్టుకోవయ్యా" అంది.