నా బదులు వేటకెళ్ళినవాళ్ళు

అంతరిక్షం సినిమాలు గొప్పవా, జపానువాళ్ళ బొమ్మల సినిమాలు గొప్పవా అని ఇప్పటి కుర్రాళ్ళు వాదించుకుంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. వాదనకు కాదు, వాళ్ళు కూర్చున్న చోటు చూసి మండుతుంది. మెత్తటి సోఫాలో కాళ్ళు చాపుకుని, ఒళ్ళో చిప్స్ పొట్లం పెట్టుకుని, ఒకటి సైన్సట, ఇంకొకటి చంటిపిల్లల గోలట. ఏ సినిమాలో ఎంత సత్తా ఉందో, దాన్ని నమ్ముకుని ఊరి ఆడవాళ్ళందరి ముందు తలొంచుకుని నిలబడ్డవాణ్ణి అడగాలి. నన్నెవరూ అడగలేదు. అందుకే రాస్తున్నాను.

నా చదువు ఐదో తరగతి. మిగతాదంతా పకోడీ పొట్లాల మీదా, ఇంగ్లీషు డిక్షనరీలోనూ చదివాను. ఆ డిక్షనరీకి మొదటి పేజీలు చిరిగిపోయాయి. ఏ, బీ, సీలతో మొదలయ్యే ఇంగ్లీషు మాటలంటే నాకిప్పటికీ అనుమానమే. రేడియోల రిపేరు కూడా ఇలాగే, విప్పి చూసి నేర్చుకున్నాను. పార్వతీపురం దగ్గర మా పల్లెలో రేడియోలకంటే మేస్త్రీలెక్కువైపోయి, ఇంటిదాన్ని తీసుకుని అరకు లోయ ఎక్కాను. రోడ్డు పక్కన కొండవాళ్ళ ఊళ్ళో ఒక గది వేసుకున్నాను. రేడియోలు పోయి టీవీలొచ్చాయి, టీవీల వెనకే సీడీలొచ్చాయి. రెండువేల సంవత్సరం దాటేసరికి ఆ ఊళ్ళో టీవీ, సీడీ ప్లేయరు రెండూ ఉన్న మొనగాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ ఊళ్ళో చైత్రమాసంలో ఇటుకల పండగ. మగాళ్ళంతా విల్లంబులు, బరిసెలు పట్టుకుని అడవికి వేటకెళ్తారు. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా వెదురుగడ పెట్టి, వచ్చే జీపునూ పోయే బస్సునూ ఆపి, పాటలు పాడి చిల్లర పుచ్చుకుంటారు. సాయంత్రం వేటనుంచి వట్టిచేతులతో దిగినవాడికి ఊరి మొగలో పేడనీళ్ళ స్నానం. వాడు ఊరిపెద్దయినా సరే, కొత్త అల్లుడైనా సరే. వద్దనుకుంటే కుందేలునో కోడినో కొట్టి తేవాలి, లేదా జ్వరమొచ్చి మంచమెక్కాలి.

నాకు కళ్ళద్దాలు తీస్తే ఎదురుగా ఉన్నది పందో పొదో తెలియదు. విల్లిస్తే ముందున్నవాడి వీపుకే ముప్పు. అలాగని ప్రతి ఏడూ జ్వరం ఎక్కణ్ణుంచి తేను? అందుకని ఒక ఏడాది ఉపాయం పన్నాను. ఆ ఊరి ఆడవాళ్ళకు పెద్ద ఒక ముసలామె. అందరం ఆమెను అప్పా అనేవాళ్ళం. ఆమె దగ్గరికెళ్ళి, “అప్పా, మగోళ్ళు అడివికెల్తారు, ఎండలో మీరు గడ కాడ ఎంతసేపని నిలబడతారు? మజ్జాన్నం మా గదిలోకి రండి, సినిమా ఏత్తాను. నా వేట అదే. నా బదులు టీవీలో కెప్టెన్ ఎల్తాడు” అన్నాను.

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. సరదాకన్నాను. ఆమె సరదాకి వినలేదు.

అంతరిక్షం సినిమా వేశాను. కిటికీలకు గోనెసంచులు కట్టి చీకటి చేశాను. అందులో కెప్టెన్ దవడ ఇటుకరాయిలా నలుచదరంగా ఉంటుంది. ఎర్రటి చుక్క మీద ఎనిమిది కాళ్ళ మృగమొకటి ఉందని, అది భూమిని మింగేస్తుందని, దాన్ని చంపడానికి ఓడెక్కి వెళ్తాడు. నాకా సినిమా ప్రాణం. కారణం చెబుతాను. ఓడ దారిలో చెడిపోతుంది. లోకంలో ఏ సినిమాలోనూ యంత్రం చెడిపోగా నేను చూడలేదు. కారు నడుస్తుంది, లేదా లోయలో పడుతుంది, అంతే. అంతరిక్షం సినిమాలో మాత్రం ఒకడు పానా పట్టుకుని, వెల్లకిలా పడుకుని, లోపలికి దూరి, ముఖం మసి చేసుకుంటాడు. వాడే నా హీరో. కాకపోతే లోపమేమిటంటే, వాడు అరగంట తిట్టుకుంటూ చేయాల్సిన పనిని కెప్టెనొచ్చి ఒక్క గుద్దు గుద్ది బాగుచేసేస్తాడు. గుద్దితే బాగయ్యేది మా ఊరి రేడియో ఒక్కటే. ఇంకా గాలిలేని చోట చప్పుడు రాదని పకోడీ పొట్లం మీద చదివినవాణ్ణి కనుక ఆ ఢాం ఢాంలకు పళ్ళు కొరుక్కునేవాణ్ణి. ఆ చుక్కలో పుట్టి, కెప్టెన్‌తో గడగడా మాట్లాడే పచ్చతోలువాడికి ఇంగ్లీషు ఎవరు నేర్పారు? ఏ, బీ, సీలు పోకుండా నేర్పారు!

ఆడవాళ్ళ అనుమానాలు వేరు.

“ఈళ్ళు కూడు తినరేటి మేస్త్రీ?” అంది అప్ప.

“మాత్రలు మింగుతారప్పా. అదే కూడు.”

“ఓలమ్మా, ఓడకంతటికీ జొరమేటి?” అంది ఆమె చిన్నకోడలు. ఆ పిల్ల నోరు కత్తిపీట.

కెప్టెన్ ఎర్రచుక్క మీద దిగి జెండా పాతాడు. అప్ప ముందుకు వంగింది. “దిగినాడు, కర్ర పాతేసినాడు. ఆ కొండ ఏ తల్లిదో అడిగినాడా? ఒక కోడిపిల్లైనా ఇచ్చినాడా?”

“ఆడికి టయిం నేదప్పా. భూమి పోతాది.”

“అడగడానికి టయిం నేనోడు ఎందుకెల్లినాడు?”

ఆఖరికి కెప్టెన్ మృగంతో సహా చుక్క మొత్తాన్ని పేల్చేశాడు. గదంతా ఎర్రబడింది. నా టీవీ రంగులకు నేనే మురిసిపోయాను. కెప్టెన్ భూమ్మీద దిగి పెళ్ళాం కాబోయేదానికి ఆ చుక్క రాయొకటిచ్చి కావిలించుకున్నాడు. లైటు వేశాను. ఎవరూ లేవలేదు.

“ఏటి తెచ్చినాడు?” అంది అప్ప.

“భూమిని కాపాడినాడప్పా!”

“భూమి ఇక్కడే ఉంది కదేటి. పొద్దున్న దానిమీదే నడిసినాను. ఆడు తెచ్చిందేటి?”

“మృగాన్ని సంపినాడు.”

“మాసమేది?”

“పేలిపోనాది.”

“సుక్కంతా పేల్చినోడు సిటికెడు తునక తేనేదు,” అంది చిన్నకోడలు. “జేబులోంచి రాయి తీసి దానికిచ్చినాడు, నాను సూసినాను. రాయి వండుకుంటాదేటి అది?”

అప్ప లేచింది. “నీ బదులు ఆడెల్లినాడన్నావు. ఆడు ఉత్తిసేతులతో వచ్చినాడు. ఆడు మాకు దొరకడు, నువ్వు దొరికినావు. రా మేస్త్రీ.”

పేడనీళ్ళకు నేను ఏడవలేదు. ఆ వాదంలో ఒక్క చిల్లయినా దొరకనందుకు ఏడ్చాను. తరవాత ఏడాదంతా సంతలో నాకు కెప్టెననే పేరు. ఉల్లిపాయలమ్మేవాడు, “ఏటి కెప్టెనూ, భూమి బాగున్నాదా?” అనేవాడు. బస్సు కండక్టరు, “కెప్టెన్‌కి సీటివ్వండర్రా, రాళ్ళు మోసుకొచ్చినాడు” అనేవాడు. టీవీ బాగుచేయించుకోవడానికొచ్చినవాళ్ళు నా ముఖం చూసి నవ్వాపుకోలేక టీవీ సంగతి మరిచిపోయేవారు. ఇంట్లో ఆవిడ కూడా, “కెప్టెన్ గారికి వడ్డించనా?” అంటుంటే ఇంక భరించలేకపోయాను. వచ్చే పండగకి ఒంటిమీద చుక్క పడకుండా బయటపడాలి, ఈ పేరు వదలాలి. అదే నా పట్టు.

సంతలో సీడీలమ్మేవాడి బుట్టలో ఉన్న అంతరిక్షం సినిమాలన్నీ తెచ్చి చూశాను. ఎవడైనా ఏదైనా ఇంటికి తెస్తాడేమోనని ప్రతి సినిమా చివరిదాకా కళ్ళు కాయలు కాచేలా చూశాను. తేరు. వెళ్ళడంలో వాళ్ళంత మొనగాళ్ళు లేరు. నల్లటి ఆకాశంలో ఆ ఓడ సాగిపోతుంటే మన గది పైకప్పు ఎగిరిపోయినట్టుంటుంది, మనం చీమలమని గుర్తొస్తుంది, ఆ గొప్ప ఎవరూ కాదనలేరు. తేవడం దగ్గర మాత్రం వాళ్ళ వంశమంతా గుండుసున్నా. పేల్చేయడం, కావిలించుకోవడం. సగంమంది అసలు ఇంటికే రారు.

అలా తెచ్చిన సీడీల్లో ఒకదాని అట్ట మీద తుపాకీ పట్టుకున్న కెప్టెనున్నాడు. లోపల చూస్తే జపానువాళ్ళ బొమ్మల సినిమా! సీడీవాడి మీద అంతెత్తున లేచాను. ఆవిడ మాత్రం, “ఉండనియ్యి, గాలి ఎంత బాగా ఏసినాడో” అంది. గాలిని వేయడమేమిటి? చూస్తే నిజమే. కొండవాలున చోడిచేను, అదే రాగిచేను, మీదుగా గాలి పోతోంది, వెన్ను వెన్నూ వంగి లేస్తోంది. అంతరిక్షం సినిమాలు చూస్తూ గురకపెట్టే మనిషి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదల్లేదు.

ఆ జపాను సినిమాలంటే నాకు చులకన ఉండేది, దానికి కారణాలున్నాయి. కళ్ళు టీ సాసర్లంత. జుట్టు నీలం. కత్తి దూసి గాల్లోకెగిరినవాడు అక్కడే నిలబడి తన చిన్నప్పటి కష్టాలన్నీ చెప్పుకుంటాడు, శత్రువు మర్యాదగా వింటాడు. మా వైపు తగువులో ఒకడు చిన్నప్పటి సంగతి ఎత్తేలోపు రెండోవాడు చెంప పగలగొడతాడు. ఇక ఏడుపంటారా, బిందెలకొద్దీ. కానీ వానంటే వానే. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, రెండూ జతచేసి పెట్టి లోపలికెళ్ళేదాకా చూపిస్తాడు. ముసలమ్మ గంజి పోస్తే ఆవిరి కనిపిస్తుంది. తొందరలేని సినిమా.

కథ ఇది. కొండంత అలుగు. అలుగంటే తెలుసు కదా, ఒంటినిండా పొలుసులుండి, ముట్టుకుంటే చుట్టచుట్టుకుపోయే జంతువు. అది ఏటేటా ఊరి చేలన్నీ తొక్కేస్తుంటే, అవ్వతో ఉండే ఒక గుంట, అంటే చిన్నపిల్ల, విల్లు పట్టుకుని దాన్ని చంపడానికి వెళ్తుంది. తీరా చూస్తే ఆ అలుగు పొట్ట కింద నీటి ఊట ఉంటుంది. చంపితే ఆ మృగం ఊట మీదే కూలి దాన్ని పూడ్చేస్తుంది, లోయకు నీళ్ళుండవు. గుంట విల్లు దించేస్తుంది. అలుగు కొండ దాటి పోతుంది. గుంట వట్టిచేతులతో ఇంటికొస్తుంది.

వట్టిచేతులే. అయినా ఈ సినిమానే ఎంచుకున్నాను. ఎందుకంటే నాకు చట్టం దొరికింది. వేటకెళ్ళింది ఆడపిల్ల. ఆడదాని మీద పేడనీళ్ళు పోసే ఆచారం ఆ కొండల్లో ఎక్కడా లేదు. ప్లీడరు చదువు చదవకపోతేనేం?

పండగనాడు మళ్ళీ గోనెసంచులు కట్టాను. గుమ్మం దగ్గర పేడనీళ్ళ కుండ తెచ్చి ముందే పెట్టుకున్నారు. చిన్నకోడలు అందులో కర్రతో కలుపుతూ, “కెప్టెన్ బాబుకి చల్లగా ఉండాలి కదా” అంది. నేను నవ్వి ఊరుకున్నాను. సినిమా వేసి, కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదివి తెలుగులో చెబుతూ పోయాను. ఈసారి ఒక్కరూ ప్రశ్న వేయలేదు. గుంట కొండెక్కేముందు రాయికి మొక్కి, నోట్లో ముద్ద సగం తీసి అక్కడ పెట్టినప్పుడు మాత్రం అప్ప, “ఆఁ” అంది. అంతే.

గుంట విల్లెత్తింది. అలుగు మెల్లగా చుట్ట విప్పింది. బాణం దాని మెత్తటి పొట్టకు సూటిగా ఉంది.

కరెంటు పోయింది. చైత్రంలో మజ్జాన్నం గాలీవానా లేస్తే మా కొండల్లో మొదట పోయేది అదే.

“ఏటైనాది?” అంది అప్ప చీకట్లో.

“కరెంటు పోనాదప్పా.”

“కరెంటు సంగతెవులడిగినారు? గుంట సంగతి సెప్పు.”

అందరి ఊపిరీ వినిపిస్తోంది. బాణం వదిలింది, అలుగు పడింది, ఊరంతా పంచుకుని తిన్నారు అని ఒక్క ముక్క అంటే చాలు, చట్టమూ అక్కర్లేదు, పేరూ వదిలిపోతుంది. నోరు తెరిచాను. కానీ ఆ గీసినవాడు ఒక్క గడ్డిపరక దగ్గర కూడా అబద్ధం గీయలేదే! వాడి కథకు నేను దొంగతోక అతికించనా? పోయిపోయి ఆ పని సీడీ అట్టలవాడు చేస్తాడు, నేను చేయను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఊట సంగతి, విల్లు దించిన సంగతి, ఆ ఏడు ఊళ్ళో గింజలు చాలని సంగతి, అవ్వ ఏమీ అడగకుండా గంజి పోసిన సంగతి. చెబుతుంటే నా గొంతే నాకు కొత్తగా ఉంది.

“సరైన పని సేసింది,” అంది అప్ప. అందరూ ఔనన్నారు. నేను వెంటనే చట్టం తీశాను.

“అయితే అప్పా, ఎల్లింది గుంట. ఆడదాని మీద పేడనీళ్ళు పొయ్యరు కదా?”

“పొయ్యం. మంచి గుంట. మా ఇంటికొస్తే కూడెడతాను. నీ బదులే కదా ఎల్లింది?”

“నా బదులే.”

“అది అలుగుని వొదిలీసింది. ఊట కోసం వొదిలీసింది. నువ్వేటి వొదిలీసినావు?”

చిన్నకోడలు కుండెత్తేసింది. అప్ప, “బేగి ఒంగు నాయనా, వానొత్తంది,” అని ఎంతో ప్రేమగా అంది. ఒంగాను. మా ఆవిడ నా కళ్ళద్దాలు మాత్రం తీసి కొంగులో దాచింది.

నెత్తిమీంచి కారుతుండగానే కరెంటొచ్చి గదిలో టీవీ వెలిగింది, సినిమా ఆగిన చోటునుంచే అందుకుంది. నన్ను వాకిట్లో వదిలేసి అందరూ లోపలికి పరిగెత్తారు. “ఆ కాడే నిలబడి సదువు మేస్త్రీ, కంపు కొడతన్నావు,” అని లోపల్నుంచి అరిచారు. వాన నా మీద పడుతోంది, పేడ కాళ్ళ కిందకి పోతోంది. గుమ్మంలో ఉన్న ఆవిడ కొంగులోంచి అద్దాలు లాక్కుని పెట్టుకుని బయట్నుంచే చదివాను. గుంట విల్లు దించింది. అలుగు వీపు మీద గడ్డి ఊగుతుండగా మెల్లగా కొండ అంచుకు చేరింది. వెనక్కి తిరిగి చూసింది.

అప్ప టీవీ దగ్గరికి జరిగి, చెయ్యి ఊపుతూ, ఎవరితోనో రహస్యం చెప్పినట్టు అంది:

“బేగి ఎల్లిపో తల్లీ. మావోళ్ళు అటేపే వత్తన్నారు.”