గోరింట మోడు మీద దానిమ్మ

మొక్కల కుటుంబాలను కలిపీ విడదీసీ పుస్తకాలు రాసే పెద్దలకు నేను ఇప్పటికి తొమ్మిది ఉత్తరాలు రాశాను. అందులో రెండు రిజిస్టర్డ్ పోస్టు. ఒక్కదానికీ జవాబు రాలేదు. సరే, వాళ్లు వినకపోతే మీరు వినండి. పద్నాలుగేళ్ల కిందట గుణుపురంలో, మా పెరట్లో, ఒక వృక్షశాస్త్ర లెక్చరరు చేసిన ఘోరం ఇది. ఆ లెక్చరరు నేనే. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. మా కాలేజీలో ఇప్పటికీ నవ్వుతున్నారు. ఎవరెవరు నవ్వారో నాకు పేరుపేరునా గుర్తుంది.

దానిమ్మది ఒకప్పుడు మరీ చిన్న కుటుంబం. సభ్యులు ఇద్దరే. ఒకటి మనం ఒలుచుకు తినేది, రెండోది ఎక్కడో సముద్రం మధ్య దీవిలో పెరిగే దాని చెల్లెలు. ఏళ్ల తరబడి పిల్లలకు అలాగే చెప్పాను. తర్వాత జన్యువులు పరీక్షించిన శాస్త్రవేత్తలు, దానిమ్మది వేరే కుటుంబమే కాదు, గోరింట వాళ్ల ఇంటిదేనని తేల్చారు. పొట్టంగి కొండల మీద ఎర్రగా పూసే ధాతకి కూడా ఆ ఇంటిదేనట. ఈ సంగతి నాతో ఒక ముక్క చెప్పాలని ఎవరికీ తోచలేదు. నేనే ఒక కొత్త పుస్తకంలో చూసుకుని, తప్పిపోయిన మేనమామ దొరికినవాడిలా ఇల్లంతా తిరిగాను.

మా పెరట్లో ఒక గోరింట ఉండేది. నా భార్య సత్యవతి కాపురానికి వస్తూ శ్రీకాకుళం దగ్గరి పుట్టింటి నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన కొమ్మ అది. తర్వాత వంశధార వరదలో ఆ ఇల్లూ పోయింది, తల్లి చెట్టూ పోయింది. ఆషాఢం వచ్చిందంటే వీధిలోని ఆడవాళ్లంతా మా పెరట్లోనే. సత్యవతి రోటి దగ్గర కూర్చుని ఆకు రుబ్బుతూ వాళ్లమ్మ కబుర్లు చెప్పేది.

ఆ ఏడు జ్యేష్ఠం చివర నేను రంపం పట్టుకుని పెరట్లోకి దిగాను.

"ఏటండీ, ఏటి సేస్తన్నారు?" అంది సత్యవతి.

"అంటు కడతన్నాను. గోరింట మోడు మీద దానిమ్మ. రెండూ ఒకింటివే. పండు కాసిందంటే కోరాపుట్ నుంచి కూడా జనం సూడ్డానికొస్తారు."

"పది రోజుల్లో ఆషాఢం కదండీ. అది మాయమ్మ సెట్టు."

"సెట్టెక్కడికి పోద్ది? వేరు అదే కదా!"

పక్కింటి గౌరమ్మ గోడ మీంచి తొంగి చూసింది. "ఒకింటోళ్లయితే అతుక్కుంటారేటి మాస్టారూ? మా ఆయనా, ఆళ్లన్నా ఒకింటోళ్లే. పదేళ్లయింది, మాటల్లేవు."

"సైన్సు గురించి నీకేటి తెల్సు?" అన్నాను. ఆవిడ నవ్విన నవ్వు నేను మరిచిపోలేదు.

చెట్టును మోకాలెత్తున కోసేసి, ఆకు వీధంతా పంచాను. కర్రలు వేన్నీళ్ల పొయ్యిలోకి వెళ్లాయి. రాయగడ నుంచి తెచ్చిన దానిమ్మ పుల్లను మోడు చీల్చి అందులో దిగేసి, విరిగిన కాలికి కట్టినంత శ్రద్ధగా కట్టు కట్టాను. పది రోజులకు పుల్లకు రెండు చిగుళ్లు! కింద గోరింట మోడుకు ఏడు. అంటు కట్టినవాడు కింది చిగుళ్లు గిల్లేయాలి, లేకపోతే బలమంతా అవే తాగేస్తాయి. గిల్లాను. మళ్లీ వచ్చాయి. పొద్దున పళ్లు తోముకుంటూ ఒకసారి, కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే ఒకసారి గిల్లాను.

"ఒక్క సిగురు వొగ్గేయండి," అంది సత్యవతి.

"ఒక్కటి వొగ్గితే పదొస్తాయి."

"రానీండి. బతకాలనే కదా అది సూస్తంది."

గిల్లాను.

అంటు చూపించడానికి మా ప్రిన్సిపాల్‌ను, తోటి లెక్చరర్లను పిలిచాను. సత్యవతి పకోడీలు వేసింది. "ముట్టుకోవచ్చా?" అన్నాడు ప్రిన్సిపాల్. "నిక్షేపంగా!" అన్నాను. ఆయన వేలు తగలగానే దానిమ్మ పుల్ల అగ్గిపెట్టెలోంచి పుల్ల వచ్చినంత సులువుగా ఆయన చేతిలోకి వచ్చేసింది. అతకనే లేదు, ఆ రెండు చిగుళ్లూ పుల్లలో మిగిలిన సత్తువతో వచ్చినవే. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, పాపం, జేబులో పెట్టుకుని "బాగుంది" అన్నాడు.

అక్కడితో ఆగినవాడు మనిషి. నేను మరో పుల్ల దిగేశాను. అదీ ఎండితే ఇంకొకటి. గిల్లుడు మాత్రం మానలేదు. దసరా నాటికి గిల్లడానికి ఏమీ మిగల్లేదు. నేను గెలిచాననుకున్నాను.

సత్యవతి వచ్చి మోడు బెరడును గోటితో గీరి చూసింది.

"పచ్చ లేదండి," అంది. తర్వాత అడిగింది: "అన్నిసార్లు సిగిర్సింది కదండీ. ఒక్కటైనా ఎందుకు వొగ్గలేదు?"

ప్రతిదానికీ జవాబున్నవాణ్ని, లోపలికి పోయి కాగితం తీసి మొదటి ఉత్తరం రాశాను. "ఒకే కుటుంబమైతే ఎందుకు అతకలేదు? చుట్టరికం ఉన్నంత మాత్రాన అంటు కట్టకండి అని ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోయింది?" అని నిలదీశాను. సత్యవతి అడిగినదానికి మాత్రం జవాబు చెప్పలేదు.

ఆ తర్వాత ఆమె చెయ్యి ఎర్రబడగా నేను చూడలేదు. ఏటా ఆషాఢంలో లక్ష్మీపూర్ సంత నుంచి ఆకు తెస్తాను. "గౌరమ్మకిచ్చేయండి," అంటుంది. అంతే.

కనుక పాఠకులారా, నేను చదివిన వృక్షశాస్త్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ మొక్కకూ మరో మొక్కతో వియ్యం కలపను. చిగురు కంటపడితే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను.

పుస్తకాల పెద్దల జవాబు కూడా నాకిక అక్కర్లేదు. మొన్న వేళ్లతో ఉన్న గోరింట మొక్క ఒకటి తెచ్చాను. ఎక్కడ నాటమంటావని మూడు రోజులుగా అడుగుతున్నాను. ఆమె తలెత్తకుండా బియ్యం ఏరుకుంటోంది. నేను రాసినవి అచ్చయితే చదువుతుందని తెలుసు గనక ఇక్కడే అడుగుతున్నాను.

సత్యవతీ, ఆ చిగుళ్లు ఎందుకు గిల్లానో నాకూ తెలియదు. నీ ప్రశ్నకు నా జవాబు ఇదే, ఆలస్యంగా. ఇప్పుడు నువ్వు చెప్పు. మొక్క సంచిలో వడలిపోతోంది. ఎక్కడ నాటను?