సూరత్‌లో మిగిలిన ఒక్క మగచేప

చేప వీర్యంలో కొన్ని ఎంజైములు ఉంటాయి. హద్దు మీరితే అవి వీర్యకణాలనే నాశనం చేస్తాయి. వాటిని ఆపే ప్రోటీన్లు కూడా ఆ ద్రవంలోనే ఉంటాయి, గుడ్లలోనూ ఉంటాయి. నా పరిశోధన ఆ ఆపేవాటి మీదే. బొచ్చె చేప వానల్లోనే గుడ్లు పెడుతుంది కాబట్టి మొదటి లాక్‌డౌన్‌తో ఒక ఏడాది పోయింది. రెండో ఏడాది నన్ను రానిచ్చింది సూరత్ శివార్లలోని ఒక్క చేపపిల్లల ఫారమే. మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో రైలెక్కి, మర్నాడు పొద్దెక్కాక దిగాను. పర్వత్ పాటియా దాకా షేర్ ఆటో ఉంది. అక్కడి నుంచి ఆటో మొత్తం మాట్లాడుకోవాల్సిందే, మూడు వందలు తీసుకున్నాడు.

ఫారంలో పనిచేసే రాజన్నది సిరిసిల్ల వైపు. మరమగ్గాలు మూతపడ్డాక ఇక్కడ చేరాడట.

“మొన్నటి గుడ్లన్నీ తెల్లగై ఖరాబైనయ్ మేడం. తయారున్న మగచేప ఇగ ఇదొక్కటే. ఇది గుడ పోతే ఫారం బంద్ అన్నడు సేఠ్. నా పని గుడ బంద్,” అన్నాడు.

ఆడచేప గుడ్లు అప్పటికే పొడి బేసిన్‌లో ఉన్నాయి. రాజన్న గోడకున్న సీసా నొక్కి, శానిటైజర్‌తో చేతులు తడుపుకుని మగచేప కోసం వంగాడు. కరోనా వచ్చాక అక్కడ పెట్టిన నియమమట అది. నేను చేయి అడ్డం పెట్టాను.

“ఆగండి రాజన్నా! ఆ స్పిరిట్ తగిలితే ప్రోటీన్లు విరిగిపోతాయి, పాలు విరిగినట్టే!”

“అయ్యో, మొన్న గుడ గిట్లనే చేసిన గద!”

చేతులు కడిగి, తువ్వాలుతో పొడిగా తుడుచుకున్నాడు. మగచేప పొట్ట నిమిరితే తెల్లటి ధార గుడ్ల మీద పడింది. కోడి ఈకతో కలిపాడు. నేను రెండు చుక్కలే ట్యూబులోకి తీసుకున్నాను, ఎక్కువ అడగబుద్ధి కాలేదు. తర్వాత నీళ్లు పోసి ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం.

సాయంత్రానికి చాలా గుడ్లు తేటగానే ఉన్నాయి. రాజన్న కళ్లు తుడుచుకున్నాడు. ఇలా ఆపే ప్రోటీన్లు మన రక్తంలోనూ ఉంటాయని, ఊపిరితిత్తులను కాపాడతాయని మాటల మధ్య చెప్పాను.

“కరోనాల పోయిన మా తమ్ముని ఊపిరితిత్తులు మొత్తం ఖరాబైనయన్నరు. వానికి గా ఆపేది తక్కువుండెనా మేడం?”

“తెలియదు రాజన్నా. అదే కారణమని చెబితే అబద్ధమవుతుంది.”

“తెల్వదని గుడ ఎవ్వలు చెప్పలే. దవాఖానల నాతోని మాట్లాడనేలే.”

ఇన్నేళ్లూ ఆ ప్రోటీన్‌ను ట్యూబుల్లోనే చూశాను. దాని గురించి ఒక మనిషి తన తమ్ముడి కోసం అడగడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. ఇలాంటి చోటికి వెళ్లేవాళ్లకు ఒక్కటే సలహా: తిరుగు టికెట్టు అదే రోజుకు తీసుకోకండి. నేను తీసుకున్నాను, ఆ రైలు వదిలేసుకున్నాను. చీకటి పడ్డా రాజన్న తమ్ముడి గురించి చెబుతూనే ఉన్నాడు.