పోలమ్మప్ప బాగుందంటే

పోయిన వారం విజయనగరం బజారులో కొత్తగా పెట్టిన కాఫీ హోటలుకి వెళ్ళాను. మోటారు బస్సు దిగి సందు మలుపు తిరిగేసరికే వాసన తగిలింది. లోపల ఎక్కడో పెద్ద మూకుడులో కాఫీ గింజలు వేయిస్తున్నారు. మాడీ మాడని వాసన, ముక్కులోంచి నేరుగా గొంతులోకి దిగే వాసన. చుట్టూ ఖద్దరు టోపీల వాళ్ళు, కోర్టు గుమాస్తాలు తోసుకుంటూ పోతున్నారు. నా కాళ్ళు మాత్రం అక్కడే ఆగిపోయాయి. నాకు బజారు కనిపించలేదు. ఘాటీ రోడ్డు మొదట్లో తాటాకుల పాక కనిపించింది. పొయ్యి ముందు కూర్చుని, కొంగు నడుముకి బిగించి, "ఒలే నర్సీ, ఇయ్యేటి గింజలే?" అని నన్నడుగుతున్న పోలమ్మప్ప కనిపించింది.

నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే మిషను బడి పంతులమ్మ రాస్తోంది. పోలమ్మప్పను మీరెవరూ ఎరగరు. శృంగవరపుకోట దాటి, కొండ ఎక్కబోయే బళ్ళు ఎడ్లు విప్పే చోట ఆవిడ పూటకూళ్ళ పాక ఉండేది. నా తోడబుట్టింది కాదు, నా కులమూ కాదు. అయినా ఈ రోజు నా చేతి కూడు తిని అరకు ఘాటీలో బళ్ళు కదులుతున్నాయంటే అది ఆవిడ వల్ల.

ముందు ఆ గింజల సంగతి చెబుతాను. దొరల తోటల్లోంచి కాఫీ బస్తాలు దిగి మా పాక ముందే ఆగేవి. మోసేవాళ్ళలోగాని తోలేవాళ్ళలోగాని ఒక్కడూ కాఫీ రుచి ఎరగడు. ఒకసారి బస్తా చిరిగి దోసెడు గింజలు రాలాయి. ఇదేదో కొండ చిక్కుళ్ళ జాతి అనుకుని పోలమ్మప్ప వాటిని నానబెట్టి గుగ్గిళ్ళు చేయబోయింది. ఎంత మంట పెట్టినా మెత్తబడవు. సరేనని మూకుడులో వేయించి, ఉప్పూ మిరపకాయా తగిలించింది. ఆ వాసనకి బళ్ళవాళ్ళంతా చుట్టూ మూగారు. బళ్ళ వరసకి పెద్ద సిమ్మాద్రి. ముందుగా గుప్పెడు నోట్లో వేసుకున్నది అతనే. కటుక్కుమంది.

"ఓలప్పో! నా పన్ను ఊడిపోనాది! దొరలు దీన్నేటి, తింతారా?"

"తింతారు కావాల. ఆళ్ళ పళ్ళు ఎలాటియో ఏటో."

"బాగునేదని సెప్పెయ్యప్పా. ఇంకెవుల పళ్ళూ ఊడకుండా ఉంతాయి."

పోలమ్మప్ప కూడా నమిలింది, ఉమ్మింది, మూతి తుడుచుకుంది. "దీన్ని తినీ పద్దతేటో నాకు తెల్దు. తెల్దన్నాక బాగునేదని ఎలా అంతాన్రా?" అంది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. తిండి మాట దగ్గర ఆవిడకి వేళాకోళం ఉండేది కాదు.

నేను ఆవిడ దగ్గరికి చేరిందీ తిండి మాట మీదే. మా ఆయన సిమ్మాద్రి వరసలోనే బండి తోలేవాడు. కొండ మీద జ్వరం తగిలి పోయాడు. రాగి చోళ్ళ బస్తాల మీద పడుకోబెట్టి ఆ బండిలోనే కిందికి దింపారు. ఆ తర్వాత మా బావగారు, అంటే మా ఆయన అన్న, నన్ను వెనక గదిలో కూర్చోబెట్టి ఒంటిపూట కూడు పెట్టించాడు. బొట్టు పోయిన ఆడది నలుగురి ఎదుటా తినకూడదట. పోలమ్మప్ప పాకలో మా ఆయన గొంగళి ఉండిపోయిందంటే తెచ్చుకుందామని వెళ్ళాను. గొంగళి చేతిలో పెట్టి ఆవిడ నా మొహం చూసింది.

"ఆకలేత్తందేటే గుంటా?"

మా ఆయన పోయాక ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. "ఏత్తంది" అన్నాను. బళ్ళవాళ్ళ వరసలోనే అడ్డాకుల విస్తరి వేసింది. అన్నం, ఉలవచారు, కాల్చిన ఎండుచేప. అంతా తిన్నాక ఎలా ఉందని అడిగింది. అప్పుడు నాకు లోకం మీద ఉన్న కోపం అంతా ఇంతా కాదు. "చారులో ఉప్పెక్కువ" అన్నాను. ఆవిడ గరిటెతో అరచేతిలో పోసుకుని నాకి చూసింది.

"అవునే. పొద్దుటేల నుంచి ఇంతమంది తిన్నారు, ఒక్క ఎదవా సెప్పనేదు. నువ్విక్కడే ఉండిపో."

ఉండిపోయాను.

ఆవిడ పాకకి ఎంత దూరం నుంచి బళ్ళు వచ్చేవో చెబితే నమ్మరు. వంట గొప్పదని కాదు, మాట గట్టిదని. వచ్చినవాడు చేపల పులుసు అడిగితే, "నా పులుసు ఒట్టి నీల్లు. వాగు అవతల తవిటమ్మ దగ్గిర తిను, దాని సెయ్యి మంచిది" అని పంపేసేది. తవిటమ్మ మాతో పోటీకి పాక పెట్టిన మనిషి. వచ్చిన మనిషిని పోనిస్తావేమిటప్పా అని నేను గొణిగితే, "ఆడు రేపు ఉలవచారుకి నా దగ్గిరికే వత్తాడు. అబద్దం సెప్పి పులుసెడితే దేనికీ రాడు" అనేది.

వారానికోసారి పొయ్యి ఆర్పి నన్ను వెంటబెట్టుకుని బయట తినడానికి బయలుదేరేది. ఇద్దరు ఆడవాళ్ళు కూడు కోసం ఊళ్ళు తిరగడమా అని జనం నవ్వేవారు. తవిటమ్మ ఎండు రొయ్యల పులుసు అలాగే తిన్నాం. మాడుగుల వెళ్ళి హల్వా తిన్నాం. అనంతగిరి దగ్గర కొండదొరల తెగ ఇల్లాలు ఒకావిడ వెదురు కొమ్ముల కూర వండి, చోడి అంబలితో పెట్టేది. వాన వెలిసిన పూట అది తినాలి. ఈ రోజుకీ అటు పోయేవాళ్ళకి అదే చెబుతాను. తినేటప్పుడు పోలమ్మప్ప మాట్లాడేది కాదు. తిరిగి వచ్చే దారిలో, "ఏటి బాగుందో సెప్పు. ఎందుకు బాగుందో సెప్పు" అని నన్ను నిలదీసేది. బాగుందని ఊరికే అంటే ఒప్పుకునేది కాదు.

గూడెం కొండల వైపు గొడవలని పోలీసు బళ్ళు తిరిగే రోజుల్లో అరకు సంత దగ్గర నా సొంత పాక వేసుకున్నాను. మా బావగారు కొండెక్కి వచ్చి చూసి, "వానలు తగ్గే వరకు సూత్తాను. పొయ్యి రాజుకోకపోతే మూట కట్టుకుని ఇంటికి రా" అన్నాడు. ఇల్లంటే ఆ వెనక గదే. ఇక్కడ పాక నడవాలి, లేకపోతే నేను ఆ గదిలోకి పోవాలి. మూడో దారి లేదు.

పాక నడవలేదు. బళ్ళవాళ్ళు సంతలో రాత్రి పడుకుని కోడి కూసేసరికి దిగుతారు. ఎడ్లు కట్టే వేళకి వేడి అంబలి, పప్పు తయారుగా ఉండాలి. నా దగ్గర ఉండేవి. కాని ఆ వేళకి విధవ ఎదురు రాకూడదు. నా పాక చూసి ఆ పక్కనుంచి చుట్టుతిరిగి పోయేవాళ్ళు. మా ఆయనతో కలిసి బండి తోలినవాళ్ళే తలపాగా కళ్ళ మీదికి లాక్కునేవాళ్ళు. కుండెడు అంబలి పశువులకి పోసిన రోజులున్నాయి.

పోలమ్మప్ప ఒక్క మాట చెబితే వస్తారని నాకు తెలుసు. కబురు పెట్టాను. ఆవిడ ఘాటీ అంతా నడిచి వచ్చింది. కూర్చుంది, తింది. పప్పు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"పలుకున్నాది."

"అప్పా, ఈ చలికి ఎంతసేపూ ఉడకడం లేదు."

"బండోడికి నీ చలితో ఏటి పని? ఇది తినమని నాను సెప్పలేను."

"నన్ను ఆ గదిలోకి తోసేస్తావా?" అని అరిచాను. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ చెయ్యి కడుక్కుంది. "నా మాట ఒకపాలి తప్పైతే రేపు నువ్వు బాగా వొండినా ఎవులూ నమ్మరే గుంటా" అని లేచి కొండ దిగిపోయింది.

ఆ రోజంతా పొయ్యి ముట్టించలేదు. మర్నాడు పక్క గూడెం వెళ్ళి అక్కడి ముసలమ్మను అడిగాను. కింది ఊరి పప్పు ఇక్కడ పనికి రాదంది. కొండ కందులు రాత్రే నానబెట్టి, మంట మీద కాకుండా బూడిదలో కుండ పాతిపెట్టి ఉంచమంది. అలాగే చేశాను. తెల్లారేసరికి పప్పు వెన్నలా ఉంది. మళ్ళీ కబురు పెట్టలేదు. రోషం. కాని ఆవిడే వచ్చింది, పిలవకుండా. పప్పు రెండుసార్లు అడిగి పెట్టించుకుంది. విస్తరిని తన వైపు మడిచి లేచింది. చెయ్యి కడుక్కుని కొండ దిగిపోయింది.

ఆ తర్వాత కింద ఏం జరిగిందో నాకు సిమ్మాద్రే చెప్పాడు. పాకలో అందరూ తింటుండగా పోలమ్మప్ప, "అరకులో పప్పు తినాలంటే నర్సమ్మ దగ్గిర తినండి. నాకంటే బాగా వొండతంది" అందట. సిమ్మాద్రి గొంతు సవరించుకున్నాడట.

"తెల్లారగట్ల దాని మొకం సూత్తే ఎడ్లు కాలిరగ్గొట్టుకుంతాయప్పా."

"నిరుడు నీ ఎద్దు కాలిరిగింది గదా. ఆ పొద్దు ఎవులెదురొచ్చారు?"

"…మా ఆడది."

"దానికి బొట్టుందా, నేదా?"

పాకంతా గొల్లుమందట. "సూడు సిమ్మాద్రీ, నీకు పులుసు బాగునేకపోతే తవిటమ్మ దగ్గిరికి పొమ్మన్న నోరిది. ఏనాడన్నా నీకు అబద్దం సెప్పిందా?" అందట ఆవిడ.

తరువాతి సంతకి, ఇంకా మంచు విడవక ముందే, సిమ్మాద్రి తలవంచుకుని నా పాకలోకి వచ్చాడు. కళ్ళు ఎత్తలేదు. అంబలి పోశాను, పప్పు వేశాను. సగం తిన్నాక చెయ్యి ఆగింది. తల ఎత్తి నా మొహంలోకి సూటిగా చూశాడు. "ఇంకాస్త ఎయ్యి గుంటా" అన్నాడు. ఆ రోజు ఆ బళ్ళు క్షేమంగా దిగేదాకా నా ప్రాణం నాలో లేదు. ఒక్క ఎద్దు కుంటినా అయిపోయేది. సాయంత్రం పైకి వచ్చిన బండివాడు, "సిమ్మాద్రి మావ కిందికి దిగిపోనాడు. నీ కాడే తినమన్నాడే, బేగి పెట్టు" అన్నప్పుడు గబగబా విస్తరి వేసి, అడగకుండానే రెండు గరిటెలు ఎక్కువ వడ్డించాను. వానలు వెలిశాక మా బావగారు వస్తే బళ్ళవాళ్ళ వరసలో కూర్చోబెట్టి కూడు పెట్టాను. తిని, మూట కట్టుకోమనకుండానే దిగిపోయాడు.

మొన్న చలికాలంలో పోలమ్మప్ప మంచం పట్టింది. నాకు ఒక కోరిక మిగిలిపోయింది. పప్పు బాగుందంది గాని చేపల పులుసు బాగుందని ఆవిడ నోట ఏనాడూ వినలేదు. చక్కగా కుదిరిన రోజు కుండతో సహా కొండ దిగాను. లేపి కూర్చోబెట్టి ఒక ముద్ద నోట్లో పెట్టాను. చాలాసేపు నాలుక మీదే ఉంచుకుంది.

"ఎలాగుందప్పా?"

"నోరు సచ్చిపోనాదే నర్సీ. సేదుగా ఉన్నాది అన్నీ. నానేటి సెప్పీది?"

"బాగుందని అనొచ్చు కదా! ఎవరు వింటున్నారు?"

"ఇనడానికి నువ్వున్నావు గదే" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ ముద్ద మింగి, ఇంకోటి పెట్టమని నోరు తెరిచింది. తర్వాత ఎన్నో రోజులు లేదు.

మళ్ళీ విజయనగరం హోటలు సంగతికి వస్తాను. మాలాంటివాళ్ళకి బయట అరుగు మీద బల్ల వేశారు. బొట్టు లేని ఆడదాన్ని ఒక్కదాన్ని, నలుగురి ఎదుటా కూర్చుని తిన్నాను. ఇడ్లీ దూదిలా ఉంది. చట్నీలో అల్లం బాగా తగిలింది. పెసరట్టు అంచులు కాలాయి గాని మధ్య పచ్చిగా ఉంది, అది వద్దు. చివర్లో ఇత్తడి గ్లాసులో కాఫీ తెచ్చారు. సగం తాగాను. చేదు, తీపి, పాలు, అన్నీ కలిసి ఏదో గందరగోళం. హోటలు యజమాని నా సంగతి ఎవరి దగ్గర విన్నాడో, తానే బయటికి వచ్చాడు.

"ఘాటీ బళ్ళవాళ్ళు నీ మాట వింటారటగా అమ్మా. మా కాఫీ బాగుందని చెప్పు."

"ఇడ్లీ బాగుందని చెబుతాను బాబూ. కాఫీ సంగతి నాకు తెలియదు."

"అదేమిటి, ఇప్పుడే తాగావు కదా?"

"ఒకసారి తాగితే ఏం తెలుస్తుంది? మళ్ళీ వచ్చి తాగుతాను. తెలిశాక చెబుతాను" అని మిగిలిన సగం గ్లాసూ ఎత్తి, నాలుక మీద కాసేపు ఉంచుకుని, మింగాను.