రెండో గదికి డబ్బా

మా ఇంట్లో రెండో టీవీకి సెట్‌టాప్ డబ్బా కావాలని పట్టుబట్టింది నేనే. ఈ మాట ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక. మా ఆయన అడగలేదు, బాపు అడగలేదు. కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా ఇంటాబయటా అందరికీ తెలుసు కాబట్టి, వద్దని అనే ధైర్యం కూడా ఇద్దరికీ లేకపోయింది.

అప్పట్లో మేం గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనక వీధిలో కిరాయికి ఉండేవాళ్లం. ఒక హాలు, రెండు గదులు, వంటిల్లు. ఎండాకాలం ఇల్లంతా మామిడిపళ్ల వాసన, ఈగలు. మా ఆయనది తెనాలి వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాడు. నేను ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచర్ని. నా పుట్టిల్లు ఇబ్రహీంపట్నం అవతల ఒక పల్లె. బాపు ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే పంతులుగా చేసి రిటైరయ్యాడు. అమ్మ పోయాక ఒంటరిగా ఉండలేక మా దగ్గరికి వచ్చాడు. వచ్చాడని అంటున్నాను గానీ, నేను వెళ్లి బట్టలు సర్ది లాక్కొచ్చాను.

మా వైపు తండ్రి పెళ్లయిన బిడ్డ ఇంటికి వస్తే రెండు పూటలు తిని పోతాడు గానీ కాపురం ఉండడు. ఒకప్పుడు మంచినీళ్లు కూడా ముట్టేవాళ్లు కాదట. బాపు అంత పాతకాలం మనిషి కాదు. అయినా ఆ బెరుకు పోలేదు. ఫ్యాను స్పీడు పెంచాలన్నా నన్నే పిలిచేవాడు. టీవీ రిమోట్ పక్కనే ఉన్నా ముట్టేవాడు కాదు. అల్లుడు క్లాసు నుంచి వస్తే తన పేముకుర్చీలోంచి లేవబోయేవాడు. "మామయ్యగారూ, మీరు కూర్చోండి," అని మా ఆయన రోజూ చెప్పాల్సి వచ్చేది. ఆ తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూర్చుని క్రికెట్టో, పాత సినిమానో చూసేవాళ్లు. మా ఆయన బత్తాయి ఒలిచి సగం ఆయన చేతిలో పెట్టేవాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకునే మాటల్లో నాకు చోటుండేది కాదు. దానికి నేను సంతోషించాను కూడా.

తెలంగాణ ఉద్యమం ముదిరాక క్రికెట్ పోయింది, సినిమాలు పోయాయి. పొద్దస్తమానం వార్తలే. బంద్ అంటే కోచింగ్ మూత. మా ఆయన ఇంట్లోనే ఉండి, రేపు క్లాసు ఉందా లేదా అని తెర కింద పరిగెత్తే అక్షరాలు చదువుతూ కూర్చునేవాడు. అదే తెర మీద బాపుకి తన జీవితమంతా ఎదురుచూసినది కనిపించేది.

"మరి మేమెక్కడికి పోవాలండీ మామయ్యగారూ?" అనేవాడు మా ఆయన. "ఇరవై ఏళ్లయింది వచ్చి. ఇక్కడే చదువుకున్నాను, ఇక్కడే పెళ్లి చేసుకున్నాను."

"మిమ్మల్ని ఎవలు పొమ్మన్నరు బాబూ? మా నీళ్లు, మా కొలువులు మేమడుగుతున్నం. గట్ల అడుగుడు తప్పా?"

"కొలువులు మేం తీసుకెళ్లిపోయామా?"

"మీరు కాదు బాబూ. మీరెందుకు మీద ఏసుకుంటరు?"

గొంతులు పెరిగేవి. వంటింట్లో నేను అడకత్తెరలో పోకచెక్క. బాపు మాట నిజమే అనిపించేది. మా ఆయన భయం చూస్తే జాలేసేది. ఎవరి వైపు మాట్లాడినా రెండోవాళ్లకు ద్రోహం చేసినట్టు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన నోరు జారాడు. "మీవాళ్లు తగలబెట్టిన బస్సులు ఎవరివండీ?" అన్నాడు. బాపు ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపి, మజ్జిగ కూడా పోసుకోకుండా లేచాడు. మా ఆయన మొహం మాడిపోయింది. సాయంత్రానికి ఇద్దరూ మళ్లీ అదే టీవీ ముందు అవే కుర్చీల్లో కూర్చున్నారు. అది నేను చూశాను. చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. కొట్టుకునే పిల్లల్ని చెరో బెంచీ మీద కూర్చోబెట్టే టీచర్ని కదా, అదే మందు ఇంట్లోనూ వేశాను.

అటక మీద పాత టీవీ ఉంది. దాన్ని దించి బాపు గదిలో బల్ల మీద పెడతాం. మేడ మీద డిష్ గొడుగు ఎలాగూ ఉంది, అదే గొడుగు నుంచి రెండో గదికి ఇంకో డబ్బా. ఎవరి వార్తలు వాళ్లవి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద మాకు మొదటి డబ్బా ఇచ్చిన షాపుకే వెళ్లాను. షాపాయన నల్గొండ వైపు మనిషి, నడివయసు, నెమ్మదస్తుడు.

"రేపొస్తది మేడం. ఒక్క డబ్బతోని కాదు, ఛత్రి మీద పెట్టే రెండు నోర్ల ముక్క గూడ రావాలె. రెండూ రేపే ఒస్తయి," అన్నాడు.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇంటికి వచ్చిన పూటే టీవీ దించి తుడిచి బాపు గదిలో పెట్టేశాను. హాల్లో ఉన్న పేముకుర్చీ తెచ్చి దాని ఎదురుగా వేశాను. మందుల డబ్బా, కళ్లజోడు, పేపర్లు అన్నీ అక్కడికే. "ఇగో బాపూ, ఇది నీ టీవీ. నీకిష్టమొచ్చింది చూసుకో. ఎవ్వరూ ఏమనరు," అన్నాను. అన్నం కూడా ఆ పూట గదిలోకే తెచ్చిచ్చాను.

"మంచిది బిడ్డా," అన్నాడు బాపు.

మర్నాడు డబ్బా రాలేదు. మా ఊళ్లో దయ్యాలు రాకుండా తలుపుల మీద "రేపు రా" అని సున్నంతో రాసేవాళ్లు. ఆ షాపాయన నాకు అదే మంత్రం పెట్టాడు. ఫోన్ చేస్తే రేపు. రేపు చేస్తే బంద్. బంద్ అయ్యాక చేస్తే లారీ పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఆగిపోయింది. లారీ కదిలితే రెండు నోర్ల ముక్క వచ్చింది గానీ డబ్బా రాలేదు. కంపెనీ వాళ్ల నంబరుకి చేస్తే ఒక అమ్మాయి తీయని గొంతుతో నా పేరడిగి, నంబరడిగి, అసౌకర్యానికి చింతిస్తున్నామని చెప్పి పాట వినిపించేది. ఆ పాట నాకు నిద్రలో కూడా వచ్చేది. ఒకసారి ఆ అమ్మాయిని ఇష్టమొచ్చినట్టు తిట్టాను. పాపం, ఎక్కడ కూర్చుని ఎవరి తిట్లు తింటోందో.

అన్నాళ్లూ బాపు ఆ చీకటి టీవీ ముందే కూర్చున్నాడు. పేపరు చదివేవాడు, చదివిందే మళ్లీ చదివేవాడు. నేను బడి నుంచి రాగానే ఒకే ప్రశ్న.

"డబ్బ ఒచ్చిందా బిడ్డా?"

ఆ ప్రశ్న వింటే నా గుండె తరుక్కుపోయేది. ముసలాయన ఎంతగా ఎదురుచూస్తున్నాడో అనుకుని, ఆ కోపం తీసుకెళ్లి ఫోన్లో షాపాయన మీద కుమ్మరించేదాన్ని. హాల్లో మా ఆయన టీవీ సౌండు తగ్గించుకుని ఒక్కడే కూర్చునేవాడు. "మామయ్యగారు ఇటు రారా?" అని ఒకరోజు అడిగాడు. "నా మీద కోపమా?"

"కోపం లేదు, ఏం లేదు. డబ్బా రానీండి, అన్నీ సర్దుకుంటాయి," అన్నాను.

అతను బత్తాయి ఒలిచి సగం నాకు ఇవ్వబోయాడు. నాకు చేతులు ఖాళీ లేవు.

ఫోన్లతో పని కావడం లేదని, సాయంత్రం నడకకు వెళ్లే బాపుకే ఆ పని అప్పజెప్పాను. "దిల్‌సుఖ్‌నగర్ దాంక పోతవు గద బాపూ. గా షాపాయన్ని గట్టిగ అడుగు. నీ లెక్క మెత్తగ మాట్లాడితే పని గాదు." బాపు సరేనని వెళ్లేవాడు. నడక గంట నుంచి రెండు గంటలైంది. తిరిగొచ్చి చెప్పులు విప్పుతూ, "ఇంక రాలేదంట బిడ్డా. పాపం ఆయన మాత్రం ఏం జేస్తడు," అనేవాడు. ఆ మాట చెప్పినప్పుడు నా మొహంలోకి చూసేవాడు కాదు. నేను తిడతానని భయం అనుకున్నాను.

ఒక సాయంత్రం వీధిలో ఒక్కసారిగా పటాకులు మోగాయి. డప్పులు, కేకలు. ఢిల్లీ నుంచి తెలంగాణ ప్రకటన వస్తోందని పక్కింటివాళ్లు అరిచారు. మా ఆయన హాల్లో టీవీ ముందు బిగుసుకుపోయి కూర్చున్నాడు. బాపు గది గుమ్మం దాకా వచ్చి, పరదా పట్టుకుని నిలబడ్డాడు. తెర అక్కడికి సగమే కనిపిస్తుంది. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. హాల్లోకి అడుగు పెట్టలేదు. మా ఆయన వెనక్కి తిరిగి చూడలేదు, చూసి ఉంటే లేచి చోటు ఇచ్చేవాడే. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. ఆ మనిషిని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాల్సింది పోయి, ఇద్దరూ మళ్లీ ఎక్కడ మాటా మాటా అనుకుంటారో అని హడలిపోయి, "రేపో ఎల్లుండో నీ డబ్బ ఒస్తది బాపూ, అప్పుడు కడుపునిండ చూద్దువు," అన్నాను.

"అట్లనే బిడ్డా," అని లోపలికి పోయాడు.

మర్నాడు బడికి సెలవు పెట్టి షాపు మీదికి యుద్ధానికి వెళ్లాను. సగం షట్టరు దించుకుని ఉన్నాడు. నా పేరు రాసిన డబ్బా అరలో ఎదురుగానే ఉంది. దాని మీద వేలితో గీత గీస్తే పడేంత దుమ్ము.

"ఇదేంటండీ? ఎన్నాళ్లయింది ఇది వచ్చి?"

"నిన్ననే ఒచ్చింది మేడం," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"నిన్న వచ్చినదాని మీద ఇంత దుమ్మా? ముసలాయన రోజూ మీ చుట్టూ తిరుగుతుంటే కనికరం లేదా?" నేను అనాల్సినవీ, అనకూడనివీ అన్నీ అన్నాను. ఆయన లేచి డబ్బా మీది దుమ్ము తుడిచాడు. ఆ సాయంత్రమే మనిషిని పంపి, మేడ మీద ముక్క మార్పించి, రెండో గదిలో బొమ్మ తెప్పించాడు. నేను గెలిచాను. రెండు గదుల్లో రెండు టీవీలు మోగుతుంటే వంటింట్లో నిలబడి నిశ్చింతగా ఊపిరి పీల్చుకున్నాను.

బాపు వారం రోజులు చూశాడు. ఎనిమిదో రోజు పొద్దున సంచీ సర్దుకున్నాడు. ఊళ్లో తన తమ్ముడికి పొలం పనిలో తోడు కావాలన్నాడు. "ఇంత కష్టపడి తెప్పిస్తే ఇప్పుడు పోతనంటవేంది?" అని అరిచాను. "మల్ల ఒస్త గద బిడ్డా," అన్నాడు. బస్టాపు దాకా మా ఆయన సంచీ మోసుకెళ్లాడు. పొరపాటున ఏమైనా అనుంటే మనసులో పెట్టుకోవద్దని చెప్పాడట. బాపు అతని భుజం తట్టి, "మీరు లేకపోతె నాకు టీవీ ఏం మజా బాబూ," అన్నాడట. ఇంటికొచ్చి మా ఆయన ఆ మాట చెబితే, మర్యాదకు అన్న మాట అనుకున్నాను.

బాపు మళ్లీ రాలేదు. ఆ చలికాలం ఒక పొద్దున పొలం దగ్గర గుండె ఆగి పోయాడు. దినాల్లో మా ఆయన కొడుకులాగే ఏడ్చాడు. బాపు కోరుకున్న రాష్ట్రం రావడానికి ఇంకా చాలా రోజులున్నాయి.

అన్నీ అయ్యాక రెండో డబ్బా వాపసు ఇవ్వడానికి ఆ షాపుకి వెళ్లాను. పాత తిట్లు గుర్తొచ్చి కొంచెం సిగ్గుగానే ఉంది. బాపు పోయాడని చెప్పాను. షాపాయన చేతిలో పని పక్కన పెట్టి స్టూలు చూపించాడు.

"సారు రోజూ ఈడనే కూసుంటుండె మేడం," అన్నాడు. "నా షాపుల టీవీలల్ల వార్తలు చూసుకుంట, వచ్చినోళ్లతోని మాట్లాడుకుంట. మంచిగ నవ్వుతుండె. డబ్బ ఒచ్చినంక గూడ నెలకు పైనే నా దగ్గర్నే పెట్టుకున్న. మీరు తిడుతుంటె చెప్పలేకపోయిన. సారే ఇయ్యొద్దన్నడు."

"ఎందుకు?"

"'డబ్బ ఇంటికి పోతె నా బిడ్డకు బేఫికర్ అయితది. ఇగ నన్ను హాల్లకు పిలువదు. అది రాకుంటెనన్న ఒకనాడు పిలుస్తదేమో. జర ఆపుండ్రి' అన్నడు మేడం. పెద్దమనిషి, పంతులు, చేతులు పట్టుకున్నడు. నేనెట్ల కాదంట?"

బయట దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద బస్సుల హారన్లు ఎప్పటిలాగే మోగుతున్నాయి. బతుకంతా పిల్లలకు అబద్ధం ఆడకూడదని చెప్పిన మనిషి, నెల పైన నాతో రోజూ అబద్ధం ఆడాడు. రోజూ నేను రాగానే "డబ్బ ఒచ్చిందా" అని అడిగింది దానికోసం ఎదురుచూసి కాదు, వచ్చేసిందేమో అని భయపడి. ఆయన గదికీ హాలుకీ మధ్య నాలుగడుగులు కూడా లేవు. ఒక్కసారి రమ్మంటే వచ్చేవాడు. నేను పిలవలేదు.