బటన్ వదలని అనసూయమ్మ

లాల్‌దర్వాజాలో పాలు పోసే అనసూయమ్మ నోరు విప్పితే అవతలివాళ్లకు సందు దొరకదు. ఒక చేత్తో పాలు కొలుస్తూ, రెండో చేత్తో కొంగు సర్దుకుంటూ, వాడకట్టు సంగతులన్నీ చెబుతూనే ఉంటుంది. ఈసారి నల్లమల జాతరకని బస్సు దిగి అడవి బాటన నడిచి వెళ్తుంటే, అక్కడ ఫోన్లు పనిచేయవని కొడుకు శ్రావణ్ ఆమెకొక వాకీటాకీ ఇచ్చాడు. "నొక్కి మాట్లాడాలె, ఇడిచి వినాలె" అని చెప్పి, రెండోది పట్టుకుని మేనత్త కళావతితో ముందే లోయలోకి దిగిపోయాడు.

కాసేపటికే రాళ్ల బాటలో భర్త జంగయ్య కాలు మెలికపడి కూలబడ్డాడు. లేవలేకపోయాడు. చుట్టూ మనిషి అలికిడి లేదు. అనసూయమ్మ కంగారుగా బటన్ నొక్కింది.

"కొడుకా, మీ బాపు పడ్డడు! నడవస్తలేదు. ఎర్రబండ కాడ మలుపుల ఉన్నం. అంతా మీ మేనత్త లొల్లి! మొక్కు ఆమెది, కాళ్లు మనయి..."

"బటన్ ఇడువే, వాళ్లు మాట్లాడొద్దా?" జంగయ్య మూలిగాడు.

"ఇడిస్తే కట్టయితది!" అంటూ ఇంకా గట్టిగా నొక్కి, ఆడపడుచు పిసినారితనం దగ్గర మళ్లీ అందుకుంది. అది ముగియకముందే మలుపులో రొప్పుతూ కళావతి కనబడింది, వెనక శ్రావణ్.

"అంతా విన్న వదినా. ఇంకేమన్న మిగిలిందా?"

అనసూయమ్మ వేలు బటన్ మీంచి జారింది. కళ్లు తుడుచుకుని, "మస్తు మిగిలింది గని, ముందుగాల మీ అన్నను ఆ పక్క పట్టు" అంది.